రారోటొంగాలో చీకటి పడ్డాక ఏముంటుంది? ముందు ఏ వారమో చూసుకోండి

మీరు అడిగినవి మూడు. ఆక్లండ్ నుంచి జూలై చివర్లో వారం రోజులకు పసిఫిక్ సముద్రంలోని కుక్ దీవుల్లో ఒకటైన రారోటొంగా వెళ్తున్నారు, బస దాని తూర్పు వైపున ఉన్న మురిలో. వెంట ఆరేళ్ల బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన మీ అత్తమామలు. పొద్దు గూకితే అక్కడ అన్నీ మూసేస్తారని ఎవరో చెప్పారు, నిజమేనా అన్నది మొదటిది. శాకాహారులైన పెద్దవాళ్లకు రాత్రి భోజనం సంగతేమిటన్నది రెండోది. మీ దంపతులిద్దరూ ఒక్క రాత్రయినా పాటలకు చిందులేసే చోటు ఉందా అన్నది మూడోది. ఆ దీవిలో ఒక రిసార్టు వంటశాలలో కొంతకాలం పనిచేశాను, ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా వెళ్తుంటాను. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మూసేస్తారన్న మాట సగం నిజం. రారోటొంగా చుట్టూ తిరిగే రోడ్డు పొడవు 32 కిలోమీటర్లే. కుక్ దీవులన్నిటికీ కలిపి జనాభా 15 వేల దరిదాపుల్లో ఉంటుంది, అందులో ఎక్కువమంది ఈ ఒక్క దీవిలోనే ఉంటారు. ట్రాఫిక్ సిగ్నల్ లేదు, మెక్‌డొనాల్డ్స్ లేదు. ఇంత చిన్న చోట ప్రతి రాత్రీ ప్రతి మూలా సందడి ఎలా ఉంటుంది? వండేవాళ్లూ, వాయించేవాళ్లూ, ఆడేవాళ్లూ అందరూ ఆ కొద్దిమందే. మంగళవారం మీకు వడ్డించిన అమ్మాయి గురువారం ఇంకో రిసార్టులో నాట్యం చేస్తుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది. అందుకని సందడి దీవి చుట్టూ వంతులవారీగా తిరుగుతుంటుంది. ఈ రాత్రి ఇక్కడ, రేపు రాత్రి అక్కడ. ఆ వంతు తెలియకుండా బయలుదేరినవాళ్లే చీకటి రోడ్డు మీద ఒకటి రెండు మూసిన తలుపులు చూసి, ఇక్కడ ఏమీ లేదని ఊరంతా చెబుతారు.

రెండో సంగతి వేళ. అక్కడి సాయంత్రం ఐదింటికే మొదలవుతుంది. మీరు వెళ్లే రోజుల్లో సూర్యాస్తమయం ఆరుంబావు ప్రాంతంలో ఉంటుంది. ఆరున్నరకు భోజనాల బల్లలు నిండుతాయి, చాలా చోట్ల ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వంటశాలలో పొయ్యిలు ఆర్పేస్తారు. తొమ్మిదింటికి తీరిగ్గా భోజనానికి బయలుదేరే మన అలవాటును ఆ వారం రోజులు పక్కన పెట్టండి. మేము వంటశాల కడిగేసుకుంటున్న వేళకు వచ్చి ఆకలితో నిలబడ్డ కుటుంబాలను చూసి జాలిపడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. రొట్టె, వెన్న ఇచ్చి పంపేవాళ్లం, అంతకుమించి చేయగలిగింది ఉండేది కాదు.

ఇక వారాల లెక్క. మీ బస మురిలో కనుక మీకు కలిసొచ్చేది మురి రాత్రి బజారు. ఆది, మంగళ, బుధ, గురువారాల్లో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. చిన్న చిన్న బళ్లు, గుడారాలు, మధ్యలో చెక్క బల్లలు. పెద్ద పళ్లెం నిండా కాల్చిన చేప, మాంసం, సలాడ్, అన్నం పెట్టి ఇస్తారు. ఒక పళ్లెం ఇద్దరు తినవచ్చు. రెస్టారెంటుతో పోలిస్తే ఖర్చు సగం కూడా కాదు. ఒక మూల ఎవరో చిన్న గిటారులాంటి ఉకులేలే పట్టుకుని పాడుతుంటారు. పిల్లలు ఇసుకలో పరుగెడుతుంటారు. ఏడున్నర దాటితే మంచి వంటకాలు అయిపోతాయి కాబట్టి ఆరింటికల్లా వెళ్లండి. నోట్లు దగ్గర ఉంచుకోండి, అన్ని బళ్ల దగ్గరా కార్డు యంత్రం ఉండదు.

చెల్లుబాటయ్యేది న్యూజీలాండ్ డాలరే. చిల్లరలో మాత్రం వాళ్ల సొంత నాణేలు కలిసి వస్తాయి. వాటిలో రెండు డాలర్ల నాణెం ముక్కోణంగా ఉంటుంది. మూడు డాలర్ల నోటు కూడా ఉంది. అవి ఆక్లండ్‌లో చెల్లవు. బాబుకు ఒకటి దాచిపెట్టి మిగిలినవి అక్కడే ఖర్చు చేసి రండి.

శుక్రవారం రాత్రి దీవి అంతటికీ ఒక్కటే. ఆ రోజు జనం అవరువాలో ఉంటారు. అదే రాజధాని, అదే ఊరు, అదే రేవు. సందర్శకులూ స్థానికులూ కలిసి కనిపించే రాత్రి అది. తీరం వెంట ఉన్న బార్లలో సాయంత్రం తీగ వాద్యాల బృందాలతో మొదలై, పది దాటాక నృత్యశాలల్లోకి మారుతుంది. మీరిద్దరూ చిందులేయడానికి అదే సరైన రాత్రి. రెగే, దీవుల పాటలు, ఎనభైల నాటి ఇంగ్లిష్ పాటలు కలగాపులగంగా వస్తాయి. రెండింటికి మూసేస్తారు. రేవు పక్కనున్న ట్రేడర్ జాక్స్ అనే బారు చాలామందికి తొలి మజిలీ. 1987లో సాలీ తుఫాను అవరువా తీరాన్ని తుడిచిపెట్టింది. 2005లో ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఐదు తుఫాన్లు వరసగా ఆ ప్రాంతం మీద పడ్డాయి. అలాంటి తీరంలో నీళ్లను ఆనుకుని ఒక బారు నిలబడి ఉండటమే విశేషం. లోపలికన్నా బయటి చెక్క వేదిక మీద చోటు చూసుకోండి. పడవల పోటీల సాధన జరిగే రోజయితే పొడవాటి తెడ్డు పడవలు మీ ముందు నుంచే వెళ్తాయి.

శుక్రవారం రాత్రి కోసం బార్ల చుట్టూ తిప్పే బస్సులున్నాయి. సాయంత్రం బస దగ్గరే ఎక్కించుకుని, నాలుగైదు చోట్ల ఆపి, తిరిగి దింపుతారు. బస్సులో పాటలు, అల్లరి, పరిచయాలు. పాతికేళ్ల వయసులో సరదాగానే ఉంటుంది. మీ ఇద్దరికీ నేను చెప్పేది, వెళ్లడానికి కాకపోయినా తిరిగి రావడానికి ఏదో ఒక ఏర్పాటు ముందే చేసుకోమని. ఉబర్ లేదు. టాక్సీలు తక్కువ, అర్ధరాత్రి దాటాక ఫోను చేస్తే దొరుకుతుందన్న నమ్మకం లేదు. సాయంత్రమే టాక్సీ అతనితో ఫలానా వేళకు రమ్మని మాట్లాడుకోండి.

శనివారం రాత్రి సంగతి చూస్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ప్రపంచమంతా శనివారం రాత్రి తెల్లవార్లూ తెరిచి ఉంచితే, ఇక్కడ అర్ధరాత్రి కొట్టగానే బార్లు మూతపడతాయి. కారణం ఆదివారం. ఆదివారం దేవుడిది, అందులోకి శనివారం సందడి చొరబడకూడదు. శనివారం సాయంత్రం మంచి భోజనానికో, నాట్య ప్రదర్శనకో పెట్టుకోండి. ఉదయమే అవరువాలో పునంగా నుయి బజారు ఉంటుంది కాబట్టి మీకు ఎలాగూ పొద్దున్నే లేవాల్సి ఉంటుంది.

ఈ ఆదివారం పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా రాత్రులు కూడా అర్థమవుతాయి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రైస్తవ మత ప్రచారకులు 1821లో అయిటుటాకి దీవికి, 1823లో రారోటొంగాకు చేరారు. కొద్ది ఏళ్లలోనే ఊరి పెద్దల అండతో కట్టుబాట్లు వచ్చాయి. నాట్యం తప్పు, మద్యం తప్పు, రాత్రిపూట తిరగడం తప్పు. ఒక కట్టుబాటయితే ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. చీకటి పడ్డాక మగవాడు ఒక స్త్రీ మీద చేయి వేసి నడిస్తే రెండో చేతిలో కాగడా పట్టుకుని ఉండాలట! చేయి వేయడం తప్పనలేదు, కనబడకుండా వేయడమే తప్పు. పసిఫిక్‌లో చాలా దీవుల్లో తాగే కవా పానీయం కూడా ఇక్కడ ఆ కాలంలోనే కనుమరుగైంది. మీరు ఫిజీ వెళ్లి ఉంటే అక్కడ కవా గిన్నె చుట్టూ కూర్చోబెట్టి ఉంటారు, రారోటొంగాలో దాన్ని ఆశించకండి.

నిషేధిస్తే మానేసే జనం ఎక్కడుంటారు? అతియు దీవి మగవాళ్లు అడవిలోకి వెళ్లి నారింజలతో సొంతంగా బీరు పులియబెట్టడం మొదలుపెట్టారు. తొలిచిన కొబ్బరి మొద్దులో పులియబెడతారు కాబట్టి ఆ మొద్దు పేరే ఆ కొలువుకూ వచ్చింది, తుమును అంటారు. ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకడు మధ్యలో కూర్చుని ఒకే కొబ్బరి చిప్పతో వరసగా అందరికీ పోస్తాడు. మధ్యలో ఆపి ప్రార్థన చేస్తారు, కీర్తనలు పాడతారు, కొత్తవాళ్ల చేత తమ గురించి చెప్పిస్తారు. నిషేధించిన మతమూ, నిషేధాన్ని తప్పించుకున్న బీరూ ఒకే కప్పు కింద కూర్చోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. అతియుకు వెళ్లాలంటే మళ్లీ విమానం ఎక్కాలి, చిన్న పిల్లవాడితో ఈసారికి వద్దు.

నాట్యం మాత్రం పూర్తిగా తిరిగి వచ్చింది. ఎంతగా అంటే మీరు వెళ్లే వారమే దానికి పండుగ. 1965 ఆగస్టు 4న కుక్ దీవులకు స్వపరిపాలన వచ్చింది. ఆ రోజును పురస్కరించుకుని జూలై చివర నుంచి టే మయేవా నుయి అనే ఉత్సవం జరుపుతారు. దూరపు దీవుల నుంచి బృందాలు ఓడల్లో, విమానాల్లో వస్తాయి. నెలల తరబడి సాధన చేసిన నాట్యాలు, డప్పుల పోటీలు, కీర్తనలు అవరువాలోని నేషనల్ ఆడిటోరియంలో రాత్రుళ్లు జరుగుతాయి. 1992లో పసిఫిక్ కళల పండుగ కోసం కట్టిన ప్రాంగణమది. టికెట్టు రిసార్టు ప్రదర్శనకన్నా చాలా చవక. ప్రేక్షకుల్లో తొంభై పాళ్లు స్థానికులే. తమ దీవి బృందం వేదిక ఎక్కగానే పెద్దావిడలు లేచి కుర్చీల మధ్యే ఆడేస్తారు. మీ తేదీల్లో పోటీ రాత్రి ఒక్కటి పడినా మిగతా ప్రదర్శనలన్నీ వదులుకుని అక్కడికే వెళ్లండి. చాలామంది సందర్శకులు రిసార్టు పక్కనే కూర్చుని దీన్ని పోగొట్టుకుంటారు, ఎందుకంటే రిసార్టు బల్ల మీద కరపత్రం ఉండదు. అవరువాలో దిగిన రోజే కార్యక్రమం కాగితం అడిగి తీసుకోండి.

పోటీ రాత్రి కుదరకపోతే ఐలాండ్ నైట్. పెద్ద రిసార్టులన్నీ వారంలో ఒకటో రెండో రాత్రులు పెడతాయి, ఒకరి రోజు ఇంకొకరికి తగలకుండా చూసుకుంటాయి. తల మీద పూల కిరీటం, ఉముకాయ్ అనే గొయ్యి వంట విందు, తర్వాత గంటసేపు నాట్యం. భోజనంతో కలిపి పెద్దవాళ్లకు తలకు వంద డాలర్లకు అటూ ఇటూ అవుతుంది, పిల్లలకు సగం ధర. వారంలో ఒక్కటి చాలు. రెండోసారి అవే పాటలు, అవే హాస్యాలు.

రిసార్టులు కాక ప్రత్యేకంగా దీనికే ఉన్నవి రెండు చెప్పుకోదగ్గవి. ఒకటి మురిలోనే ఉన్న టే వారా నుయి. తోటలో నీళ్ల మధ్య కట్టిన వేదికల మీద ఆడతారు. ప్రదర్శనకు ముందు కొబ్బరి, మూలికలు, వలసల కథ, పచ్చబొట్లు, ఇవన్నీ చూపించే నడక ఉంటుంది. మీ బసకు దగ్గర, కుర్చీలు సౌకర్యం, వెలుతురు బాగుంటుంది. పెద్దవాళ్లూ పిల్లవాడూ ఉన్నారు కాబట్టి మీకు ఇదే సరిపోతుంది. రెండోది పడమటి ఒడ్డున ఉన్న అరొరంగి పైన కొండ మీది హైలాండ్ పారడైజ్. టినోమనా తెగ పూర్వీకులు క్రైస్తవం తీసుకుని తీరానికి దిగిరాక ముందు నివసించిన ఊరు అది. మరాయ్ అనే పాతకాలపు పవిత్ర స్థలాల రాళ్ల వేదికలు ఇప్పటికీ ఉన్నాయి, చెప్పేవాళ్లు ఆ తెగవాళ్లే. ఆటకన్నా కథ బలంగా ఉంటుంది. మీ ఇద్దరే వెళ్తుంటే దీన్నే ఎంచుకోమనేవాణ్ణి.

నాట్యంలో ఏమి చూడాలో రెండు మాటలు. స్త్రీలు పాదాలు నేలకు ఆనించి, భుజాలు కదలకుండా, నడుము మాత్రమే అటూ ఇటూ వేగంగా ఊపుతారు. పురుషులు మోకాళ్లను కత్తెరలా తెరుస్తూ మూస్తూ ఆడతారు. కట్టుకున్న గుబురు పావడాలు గడ్డివి కావు, మందార జాతి చెట్టు బెరడు నారతో చేసినవి. డప్పుల్లో పాటే అనేది చెక్క మొద్దును తొలిచి చేసింది, తోలు ఉండదు. అయినా దాని చప్పుడు పక్క ఊరికి వినిపిస్తుంది. ఈ ఉరవడి మధ్యలో నెమ్మదైన కపరిమా వస్తుంది, దాన్ని వదలకండి. పాటలోని మాటలను చేతులతో చెబుతారు. అల, పక్షి, ప్రేయసి, పడవ. కూచిపూడి హస్తాలు చూసి పెరిగిన మీ అత్తగారికి నాకన్నా బాగా అందుతుంది.

నడుములు ఊపే నాట్యం పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమోనని మీరు సందేహించారు. అక్కడ ఐదేళ్ల పిల్లా, డెబ్బై ఏళ్ల నాయనమ్మా ఒకే నాట్యం ఆడతారు. ప్రదర్శనలో వెకిలితనం ఉండదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. చివర్లో ప్రేక్షకులను చేయి పట్టి వేదిక మీదికి లాగుతారు. అంచు కుర్చీల్లో, ముందు వరసలో కూర్చున్నవాళ్లు దొరికిపోతారు. మీ మామగారికి మోకాళ్ల నొప్పులుంటే మధ్య వరసలో కూర్చోబెట్టండి. మీ ఆయనను మాత్రం అంచున కూర్చోబెట్టండి.

నిప్పు కత్తి తిప్పే ఆట కూడా చాలా చోట్ల ఉంటుంది. అది ఈ దీవుల ఆట కాదు, సమోవా వాళ్లది. కత్తి ఆట పాతదే కానీ దానికి నిప్పు అంటించినవాడు లెటులి ఓలో మిసిలాగి అనే సమోవా కళాకారుడు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన ఆట సాధన చేస్తుండగా నిప్పు మింగే ఒక హిందూ ప్రదర్శకుణ్ణి చూసి, అతని దగ్గర నూనె అడిగి తీసుకుని తన కత్తికి అంటించాడని ఆయనే చెప్పుకునేవారు. ఆ కళ్లతో చూస్తే మీకు ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది.

ఇప్పుడు భోజనం. పెద్దవాళ్లు పస్తు ఉండాల్సిన పని లేదు, కానీ కౌంటర్ దగ్గర అడగాల్సింది అడగాలి. ఉముకాయ్ అంటే భూమిలో గొయ్యి తీసి, రాళ్లు ఎర్రగా కాల్చి, ఆకుల్లో చుట్టిన పదార్థాలను వాటి మీద పేర్చి, మట్టి కప్పి గంటల తరబడి మగ్గబెట్టిన వంట. పంది, కోడి ఉంటాయి. వాటి పక్కనే మనకు తెలిసినవన్నీ ఉంటాయి. వాళ్ల టారో మన చేమదుంపే. కుమరా మన చిలగడదుంప. కురు అంటే సీమపనస. అయితే చాలా చోట్ల మాంసం మూటలూ దుంపలూ ఒకే గొయ్యిలో ఉడుకుతాయి. మీ వాళ్లకు అది కుదరదనుకుంటే బల్ల రిజర్వు చేసేటప్పుడే చెప్పండి. వంటశాలలో విడిగా ఆవిరి మీద ఉడికించి ఇవ్వడం పెద్ద పని కాదు. అక్కడికి వెళ్లి విందు బల్ల ముందు నిలబడి అడిగితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

రుకావ్ తప్పకుండా తినిపించండి. లేత చేమాకులను కొబ్బరి పాలలో వెన్నలా అయ్యేదాకా ఉడికిస్తారు. చేమాకు గొంతు దురద సంగతి మీ అత్తగారికి తెలుసు, వాళ్లకూ తెలుసు, అందుకే అంతసేపు ఉడికిస్తారు. కానీ కొందరు అందులో డబ్బా మాంసం కలుపుతారు. పైకి కనబడదు. ప్రతిచోటా అడగండి. మైనీస్ అనే గులాబీ రంగు సలాడ్ చూడగానే బీట్‌రూట్ కూరలా ఆకర్షిస్తుంది, అందులో గుడ్డు ఉంటుంది. పోకే మాత్రం ఏ దిగులూ లేకుండా పెట్టవచ్చు. అరటి లేదా బొప్పాయి గుజ్జులో పాలగుండ కలిపి కాల్చి, ముక్కలు కోసి, కొబ్బరి పాలు పోస్తారు. హవాయిలో ఇదే పేరుతో పచ్చి చేప వంటకం ఉంది, కంగారుపడకండి. ఇక మన ఊళ్లలో బండి మీద అమ్మే కొబ్బరి పువ్వును అక్కడ ఉటో అంటారు. పునంగా నుయి బజారులో వెతకండి, మీ మామగారు సంతోషిస్తారు.

మీరిద్దరూ చేప తింటారంటే ఇకా మాతా మొదటి రోజే రుచి చూడండి. పచ్చి ట్యూనా ముక్కలను నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరి పాలు, ఉల్లి, టమాటా కలుపుతారు. రెస్టారెంట్లలో వాడేది లోతు సముద్రపు చేప, భయం లేదు. ఎవరైనా మడుగులో, అంటే ఒడ్డుకూ పగడపు దిబ్బకూ మధ్య ఉండే నీళ్లలో, పట్టిన దిబ్బ చేప ఇస్తే మాత్రం మర్యాదగా వద్దనండి. కొన్ని దిబ్బ చేపల్లో సిగ్వటెరా అనే విషం చేరుతుంది, ఎంత ఉడికించినా పోదు. స్థానికులకు ఏది ఎక్కడ పట్టాలో తెలుసు, మనకు తెలియదు.

మన వంట మీద మాత్రం ఆశ పెట్టుకుని వెళ్లకండి. ఫిజీలో గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా వెళ్లిన మనవాళ్ల సంతతి ఉంది కాబట్టి రోటీ, కూర వీధి చివర దొరుకుతాయి. కుక్ దీవులకు ఆ చరిత్ర లేదు. బసలో వంటగది ఉన్న గది తీసుకోండి. బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలు అక్కడ కొనుక్కోవచ్చు. పొడులు, పచ్చళ్లు తీసుకెళ్తే కంపెనీ ముద్ర ఉన్న ప్యాకెట్లే తీసుకెళ్లి విమానాశ్రయంలో కాగితం మీద రాసి చూపించండి. మధ్యాహ్నం గదిలో అన్నం తిన్న పెద్దవాళ్లు రాత్రి రుకావ్, చిలగడదుంప, పండ్లతో హాయిగా సర్దుకుంటారు.

ఒక సాయంత్రం పడమటి ఒడ్డుకు కేటాయించండి. మురి తూర్పు వైపు ఉంది, అక్కడ సూర్యోదయం కనిపిస్తుంది కానీ అస్తమయం కనిపించదు. అరొరంగి వైపు తీరం వెంట బార్లు, రెస్టారెంట్లు అస్తమయానికే పెట్టినట్టుంటాయి. అయిదున్నరకు చేరి ఇసుకలో బల్ల పట్టుకోండి. ఆ దీవిలోనే తయారయ్యే మటుటు బీరు మీకు, కొబ్బరి బోండాం పెద్దవాళ్లకు. వాయవ్యాన విమానాశ్రయం దాటాక బ్లాక్ రాక్ అనే నల్ల బండ ఉంది. చనిపోయినవాళ్ల ఆత్మలు పూర్వీకుల లోకానికి ఆ బండ మీద నుంచే బయలుదేరుతాయని పాతకాలం నమ్మకం. పగలు పిల్లలు అక్కడ ఈతలు కొడతారు, సాయంత్రం జంటలు ఫోటోలు తీసుకుంటారు.

ఇంకో మంచి రాత్రి ఉంది, దానికి పెద్దగా ప్రచారం ఉండదు. మూడు ఇళ్లలో మూడు విడతల భోజనం. మొదటి ఇంట్లో తొలి వంటకాలు, రెండో ఇంట్లో అసలు భోజనం, మూడో ఇంట్లో తీపి. ఆ ఇంటివాళ్లే వండి పెట్టి, తోట చూపించి, కబుర్లు చెప్పి, పాట పాడతారు. హోటల్ కౌంటర్‌లో ప్రోగ్రెసివ్ డిన్నర్ అని అడిగితే చెబుతారు. శాకాహారం సంగతి ముందే తెలిస్తే ఇళ్లవాళ్లు చక్కగా ఏర్పాటు చేస్తారు, విందు బల్లకన్నా నమ్మకంగా. మీ అత్తమామలకు ఆ వారంలో బాగా నచ్చేది ఇదేనని నా అంచనా.

రాత్రి మడుగులో అడుగున దీపాలు అమర్చిన పలకల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ తిరిగే సరదా మురిలో ఉంది. ఈత వచ్చిన ఎవరైనా చేయవచ్చు, నడిపేవాళ్లు వెంట ఉంటారు. సొంతంగా మాత్రం చీకట్లో నీళ్లలోకి దిగవద్దు. పగడపు దిబ్బల మధ్య గండ్ల దగ్గర నీళ్లు బయటి సముద్రంలోకి బలంగా లాగుతాయి. పగలే మనుషులు కొట్టుకుపోయిన చోట్లున్నాయి.

రాకపోకల విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. దీవి బస్సులు రెండే దిక్కులు, గడియారం ముల్లు తిరిగే వైపు ఒకటి, దానికి ఎదురుగా ఒకటి. పగలు అద్భుతం. రాత్రి సర్వీసులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ, ఆ రోజు వేళలు డ్రైవరునే అడగండి. ఐదుగురు కాబట్టి మీరు కారు అద్దెకు తీసుకోండి. న్యూజీలాండ్ కారు లైసెన్సు సరిపోతుంది. స్కూటర్ అయితే వేరే లైసెన్సు లేదా అవరువా పోలీస్ స్టేషన్‌లో పరీక్ష కావాలి, హెల్మెట్ తప్పనిసరి. రోడ్డు దీపాలు తక్కువ, కుక్కలూ కోళ్లూ అడ్డొస్తాయి, వాన పడితే రోడ్డు జారుతుంది. అక్కడి ఆసుపత్రిలో సందర్శకుల గాయాలు ఎక్కువగా ఈ స్కూటర్ల వల్లే. తాగిన రాత్రి మీ ఇద్దరిలో ఎవరూ తాళం ముట్టుకోవద్దు. శుక్రవారం బాబు నాయనమ్మ దగ్గర ఉంటాడు కాబట్టి తొందరేమీ ఉండదు, టాక్సీ వచ్చేదాకా కూర్చోవచ్చు.

ఆదివారం ఉదయం పదింటికి చర్చికి వెళ్లండి. మతం సంగతి పక్కన పెట్టి పాట కోసం వెళ్లండి. వాద్యాలు లేకుండా ఆడగొంతులు ఎత్తుగా, మగగొంతులు హుంకారాల్లా కింద నుంచి, కప్పు ఎగిరిపోయేంత గట్టిగా పాడతారు. వారమంతా విన్న సంగీతంలో ఇదే గొప్పదని నేను ఇప్పటికీ వాదిస్తాను. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చాలా చోట్ల తర్వాత సందర్శకులకు టీ, ఫలహారం పెడతారు. ఆ సాయంత్రం ఊరంతా మూసి ఉన్నా మురి బజారు ఉంటుంది.

టికెట్లు కొనే ముందు రెండు విషయాలు. మధ్యలో తేదీ రేఖ దాటుతారు. ఆక్లండ్‌లో శనివారం ఉదయం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం తర్వాత రారోటొంగాలో శుక్రవారం మధ్యాహ్నం దిగుతారు. అంటే శుక్రవారం రాత్రి మీ చేతికి వచ్చినట్టే. బస శుక్రవారం నుంచే బుక్ చేయాలి, శనివారం నుంచి చేస్తే మొదటి రాత్రి వీధిలో ఉంటారు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు పోతుంది, ఆఫీసు సెలవు ఆ లెక్కన పెట్టుకోండి. ఇక మీ అత్తమామల వీసా. కుక్ దీవుల్లో తిరుగు టికెట్టు, బస ఉంటే దిగగానే 31 రోజుల అనుమతి ఇస్తారు, దానితో సమస్య లేదు. వాళ్ల న్యూజీలాండ్ వీసా ఒక్కసారి ప్రవేశానికే అయితే తిరిగి ఆక్లండ్‌కు రాలేరు. టికెట్టు డబ్బు కట్టే ముందు ఆ వీసా కాగితంలో ప్రవేశాల గడి చూసుకోండి.